రోమన్ అశ్వికదళం పుస్తకాలు: ఏవి వస్తున్నాయి, ఏవి రావడం లేదు

రోమన్ గుర్రపు దళాల పుస్తకాల కోసం మా షాపులో పేరు రాయించుకున్న వాళ్లందరికీ ఈ ఉత్తరం. రెండు పుస్తకాలు తెప్పించలేకపోతున్నాను, ఒకటి వస్తోంది. కొందరికి అడ్వాన్సు తిరిగి ఇస్తున్నాను. ఫోన్‌లో ఒక్కొక్కరికీ సగం సగం చెప్పడం కంటే ఉన్నదున్నట్టు రాయడమే మంచిదనిపించింది.

మీలో ఎక్కువమంది అడిగింది ఆన్ హైలాండ్ 1993లో రాసిన 'ట్రైనింగ్ ది రోమన్ కావల్రీ'. నాకు సరఫరా చేసేవాళ్ల దగ్గర కొత్త ప్రతులు లేవు. సెకండ్ హ్యాండ్‌వి ఇంగ్లండ్ నుంచి తెప్పించాలి. అక్కడివాళ్లు చెప్పే ధరకు పోస్టేజీ తోడవుతుంది. 2019 బడ్జెట్‌లో దిగుమతి పుస్తకాల మీద వేసిన 5 శాతం సుంకం ఎలాగూ ఉంది. ఇవన్నీ కలిస్తే, నా లాభం వేసుకోకముందే ఒక విద్యార్థి కొనలేని ధర అవుతోంది. దాని మీద ఇంకొంత వేసి అమ్మడం నాకు ఇష్టం లేదు. అందుకే ఆ ఆర్డర్లు ఆపేశాను. షాపులో ఉన్న ఒక్క ప్రతిని మాత్రం ఎవరికీ అమ్మను. ఎవరైనా వచ్చి కూర్చుని చదువుకోవచ్చు, నోట్స్ రాసుకోవచ్చు.

ఆ పుస్తకం మీద నాకంత పట్టుదల ఎందుకంటే, రాసినావిడకు గుర్రాలతో పనిచేయడం తెలుసు. వాటికి శిక్షణ ఇచ్చారు, దూరపు స్వారీ పోటీల్లో పాల్గొన్నారు. అర్రియన్ అనే ఆయన కప్పడోకియాకు, అంటే ఇప్పటి టర్కీలోని ఒక ప్రాంతానికి, రోమన్ గవర్నరుగా ఉంటూ క్రీ.శ. 136-137లో రాసిన గ్రంథంలో రౌతుల సాము గురించి ఒక పెద్ద భాగం ఉంది. హైలాండ్ దాన్ని అనువదించి, గుర్రం ఎక్కి కూర్చున్న మనిషికి ఒక్కో విన్యాసంలో ఏం కష్టమో చెప్పుకుంటూ పోతారు.

ఆ సాము గురించి చదువుతుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. పేరున్న రౌతులు ముఖమంతా కప్పే, బంగారు పూత పూసిన శిరస్త్రాణాలు పెట్టుకుంటారు. వాటి మీద పసుపు రంగు కుచ్చులు. గుడ్డతో చేసిన డ్రాగన్ జెండాలు గాలి నింపుకుని బుసకొడతాయి. ఒక జట్టు డాళ్లు పట్టి నిలబడితే, రెండో జట్టు గుర్రాలను దౌడు తీయిస్తూ, ఇనుప మొన లేని ఈటెలు విసురుకుంటూ వాళ్ల ముందు నుంచి సాగిపోతుంది. అన్నిటికంటే కష్టమైనదని అర్రియన్ చెప్పే విన్యాసం పేరు పెట్రినోస్. పేరు కెల్టులనే పాతకాలపు ఐరోపా జాతివాళ్లది. రౌతు గుర్రం మీదే నడుము తిరిగినంత వెనక్కి తిరిగి, తోక వైపుకి ఈటె విసిరి, వెంటనే మళ్లీ సర్దుకుని డాలుతో వీపు కాచుకోవాలి. ఇదంతా కాళ్లు పెట్టుకునే రికాబులు లేకుండా! రోమన్ జీనుకు నాలుగు మూలలా నాలుగు కొమ్ములుండేవి, రౌతు తొడలను అవి పట్టి ఉంచేవి. స్కాట్లండ్‌లోని న్యూస్టెడ్ కోట తవ్వకాల్లో ఆ కొమ్ములకు తొడిగిన కంచు రేకులు దొరికాయి. జేమ్స్ కర్ల్ 1911లో అచ్చువేసిన ఆ తవ్వకాల నివేదిక ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. దానికి నాకు డబ్బు కట్టకండి.

గుర్రపు స్వారీ మీద జెనొఫోన్ రాసిన పుస్తకం కూడా అంతే, ఉచితంగా దొరుకుతుంది. ఆయన గ్రీకువాడు, రోమన్లకు చాలా ముందు, క్రీ.పూ. 4వ శతాబ్దంలో రాశాడు. కానీ స్వారీ నేర్చుకునేవాళ్లు మొదట చదవాల్సింది ఆయన్నే. కోపంలో ఉన్నప్పుడు గుర్రం జోలికి పోవద్దంటాడు. కొట్టి చేయిస్తే గుర్రానికి అర్థమయ్యేదేమీ ఉండదనీ, అందులో అందం ఉండదనీ అంటాడు. పాత ఇంగ్లీషు అనువాదాలు ఉచితంగా ఉన్నాయి. అచ్చు పుస్తకం చేతిలో ఉండాలనుకునేవాళ్లకే తెప్పిస్తాను.

తెప్పించలేని రెండోది మార్కుస్ యుంకెల్మాన్ మూడు సంపుటాలు. ఆయన రోమన్ సామగ్రిని మళ్లీ తయారుచేయించి, స్వయంగా స్వారీ చేసి రాశాడు. చాలా విలువైన పని, కానీ జర్మన్‌లో ఉంది, ఖరీదూ ఎక్కువ. అడిగినవాళ్లలో జర్మన్ చదవగలిగినవాళ్లు ఎవరూ లేరు.

వస్తున్నది కరెన్ డిక్సన్, పాట్ సదర్న్ కలిసి రాసిన 'ది రోమన్ కావల్రీ'. గుర్రాల సేకరణ, మేత, సాలలు, శిక్షణ, యుద్ధం, అన్నీ ఒకే పుస్తకంలో ఉన్నాయి. మొదటిసారి కొనేవాళ్లకు నేను ఇదే చెబుతాను. రంగు బొమ్మల పుస్తకాలు కూడా షాపులో ఉంటాయి. మా అద్దె గడిచేది ఎక్కువగా వాటి మీదే. పిల్లలకు ఇవ్వడానికి బాగుంటాయి. కానీ గుర్రానికీ రౌతుకీ ఏమేం నేర్పారో తెలుసుకోవాలంటే అవి చాలవు.

షాపులో ఈ రోమన్ పుస్తకాల అల్మరా ఎందుకు నడుపుతున్నావని కొందరు అడిగారు, లాభం లేదు కదా అని. నిజమే, లేదు. క్రీ.శ. 128లో రోమన్ చక్రవర్తి హేడ్రియన్ ఇప్పటి అల్జీరియాలోని లాంబేసిస్‌కు వెళ్లి సైనికుల సాము చూశాడు. ఆయన మాటలను రాతి మీద చెక్కారు. పెద్ద దళాల ప్రదర్శన తర్వాత చిన్న దళాల రౌతులు మెప్పించడం కష్టమని, వాళ్ల గుర్రాలూ ఆయుధాలూ వాళ్ల జీతానికి తగ్గట్టే ఉంటాయని ఒప్పుకుని, ఆ లోటును వాళ్లు ఉత్సాహంతో పూడ్చారని మెచ్చుకున్నాడు. ఒక చక్రవర్తి మామూలు రౌతు జీతం గురించి ఇలా మాట్లాడాడని తెలియజేసే పుస్తకాలు మన ఊళ్లో ఒక్క షాపులోనైనా ఉండాలని నా కోరిక. ఈ అల్మరా తీయను.

అడ్వాన్సు ఇచ్చినవాళ్లకు ఈ నెలాఖరులోపు డబ్బు తిరిగి వేస్తాను. దాన్ని డిక్సన్, సదర్న్ పుస్తకానికి మార్చుకోవాలంటే ఒక మెసేజ్ పెట్టండి. చదువుకోవడానికి వచ్చేవాళ్లు మధ్యాహ్నం పూట రండి, ఆ టైములో షాపులో రద్దీ ఉండదు.