మన సంఘం వార్షిక నివేదిక, 2024–25

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం.

నియమావళి ప్రకారం ఏడాది పనులను మీ ముందు ఉంచడం కార్యదర్శిగా నా బాధ్యత. ఉగాది పంచాంగ శ్రవణం, సంక్రాంతి ముగ్గుల పోటీలు, పదో తరగతి పిల్లలకు పుస్తకాల పంపిణీ ఎప్పటిలాగే జరిగాయి. వాటికి చెమటోడ్చిన మహిళా విభాగానికి, యువజన విభాగానికి పేరుపేరునా కృతజ్ఞతలు. ఆ కార్యక్రమాలు మీరంతా కళ్లారా చూసినవే. ఛాయాచిత్ర విభాగం చేసిన పని మాత్రం ఊళ్లో చాలామందికి ఇంకా తెలియదు. అందుకే ఈసారి నివేదికలో ఎక్కువ భాగం దానికే ఇస్తున్నాను.

ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి పంతులు గారి జయంతి నాడు, మన హాలులో తేనెటీగలు, చిరు కీటకాల ఫోటోల ప్రదర్శన పెట్టాం. పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మన పర్లాకిమిడి. సవర భాషకు ఆయన వ్యాకరణం, నిఘంటువు సమకూర్చారు. ఆ గౌరవంతో ప్రతి ఫోటో కింద వివరాలను తెలుగు, ఒడియా, సవర భాషల్లో రాయించాం. సవర వివరాలు రాసిపెట్టిన ఉపాధ్యాయుడు ఒక్క పైసా పుచ్చుకోలేదు. ఆయనకు ఈ సభాముఖంగా నమస్కరిస్తున్నాను.

అందరూ ఆగి చూసింది వంగపువ్వు మీది నీలి చారల తేనెటీగను. వంగపువ్వులో పుప్పొడి తిత్తుల లోపల దాగి ఉంటుంది, కొసనున్న సన్నని రంధ్రాల్లోంచే బయటికి రావాలి. ఈ ఈగ పువ్వును కాళ్లతో బిగించి పట్టుకుని, ఎగరడానికి వాడే కండరాలను అదిరిస్తుంది. ఆ అదురుకు పుప్పొడి రాలి దాని ఒంటి మీద పడుతుంది. మనం పెట్టెల్లో పెంచే తేనెటీగకు ఈ విద్య రాదు, పెద్ద నల్ల తుమ్మెదకు వచ్చు. పాతపట్నం వైపు నుంచి వచ్చిన వంగతోట రైతులు ఆ ఫోటో దగ్గర చాలాసేపు నిలబడ్డారు. మందు ఎప్పుడు కొడితే ఈ ఈగలు చావకుండా ఉంటాయని అడిగారు. పూత మీద పగలు కొట్టొద్దనీ, తప్పదనుకుంటే పొద్దుగూకాక, ఈగలు పూలను వదిలి వెళ్లాక కొట్టమనీ మన సైన్సు మాస్టారు చెప్పారు. ఇన్నేళ్లలో మన హాలులో ఇంత పనికొచ్చే మాట నడిచిన రోజు నాకు గుర్తు లేదు.

ఆ ఫోటోల వెనకున్న కష్టం సభ్యులకు తెలియాలి. తేనెటీగ సెకనుకు సుమారు 230 సార్లు రెక్కలాడిస్తుంది. ఫ్లాష్‌తో తీసేటప్పుడు మామూలు కెమెరా షట్టర్ (వెలుగును లోపలికి వదిలే తెర) వేగం సెకనులో 200వ వంతు, 250వ వంతు దగ్గరే ఆగిపోతుంది. అంతసేపట్లో రెక్క దాదాపు ఒక చుట్టు తిరిగొస్తుంది కాబట్టి షట్టర్‌తో రెక్కను ఆపలేం. ఆపేది ఫ్లాష్ మెరుపే. ఫ్లాష్ బలాన్ని 16వ వంతుకు తగ్గిస్తే దాని వెలుగు సెకనులో పదివేలవ వంతుకు అటూఇటూగా మాత్రమే ఉంటుంది. బలం తగ్గింది కాబట్టి ఫ్లాష్‌ను ఈగకు దగ్గరగా తేవాలి. తెస్తే నున్నటి వీపు మీద తెల్లటి మచ్చ పడుతుంది. దానికి మన కుర్రాళ్లు ట్రేసింగ్ పేపరు, పల్చటి థర్మోకోల్ షీటు కలిపి ఫ్లాష్ ముందు గొడుగులా కట్టారు. బజారులో కొనే పరికరం కంటే మెత్తటి వెలుగు వచ్చింది.

ఇక ఫోకస్ సంగతి. కీటకాన్ని అసలు సైజులో తీస్తే, లెన్సు కన్నాన్ని బాగా చిన్నది చేసి ఎఫ్ 11 పెట్టినా స్పష్టంగా వచ్చే లోతు మిల్లీమీటరుకు కాస్త అటూఇటూ. కన్ను కుదిరితే మీసం కుదరదు. లెన్సు రింగు తిప్పుతూ కూర్చుంటే ఈగ ఆగదు. రింగును ఒకచోట బిగించి, మోచేతులు ఒంటికి ఆనించి, మనిషే ముందుకీ వెనక్కీ ఊగుతూ కన్ను మెరిసిన క్షణాన నొక్కాలి. చిన్నవాటిని దగ్గర నుంచి తీసే మాక్రో లెన్సు కొనలేనివాళ్లు పాత 50 ఎంఎం లెన్సును అడాప్టర్ రింగుతో తిరగేసి బిగించుకున్నారు. దానితో చీమలకు, పువ్వు మీద కుదురుగా కూర్చున్న ఈగలకు బాగానే ఉంది. తేనెటీగకు మరీ దగ్గరికి వెళ్లాల్సి రావడంతో అది లేచిపోతుంది. 100 ఎంఎం లెన్సయితే జానెడు దూరం దొరుకుతుంది.

తెల్లవారుజామున పని సులువు. నీలి చారల తేనెటీగల్లో మగవి గూటికి పోవు. ఎండు పుల్లను దవడలతో కరిచి పట్టుకుని వరసగా నిద్రపోతాయి, ఎండ తగిలి ఒళ్లు వేడెక్కేదాకా కదలవు. మహేంద్రతనయ ఒడ్డున తీసిన ఆ వరస ఫోటో ప్రదర్శనకే తలమానికం. పురుగుల్ని ఫ్రిజ్‌లో పెట్టి మందగించాక తీసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. మన విభాగంలో అది నిషేధం. పెద్ద తేనెటీగల పట్టుల దగ్గరికి వెళ్లడం కూడా నిషేధమే. ఈ రెండు నియమాలను సభ ఈ రోజు ఆమోదించాలని నా మనవి.

మనసులో మాట కూడా చెప్పాలి. తెల్లవారుజామున వస్తామని జాబితాలో పేర్లు రాయించుకున్నవారిలో సగానికి పైగా రాలేదు, ఫోన్లూ ఎత్తలేదు. ప్రతిసారీ వచ్చింది ఆ నలుగురైదుగురే. ఫోటోలు తగిలించింది వాళ్లే, చివరికి కుర్చీలు మోసిందీ వాళ్లే. పిల్లలు అంత శ్రమపడుతుంటే పెద్దవాళ్లం గేటు దగ్గర నిలబడి మాట్లాడుకోవడం నాకు బాధ కలిగించింది. ఊరి మధ్య పెద్ద హాలు కోసం పెట్టుకున్న అర్జీకి ఈ రోజు వరకు జవాబు లేదు. మహేంద్రగిరిని 2022లో ఒడిశా ప్రభుత్వం జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది. అక్కడి కీటకాలను ఫోటోలు తీసి నమోదు చేస్తామని మనం రాసిన ఉత్తరం సంగతీ అంతే. తిరిగి తిరిగి మా చెప్పులు అరిగాయి గానీ పని జరగలేదు.

జమాఖర్చులను ఆడిటరు గారు సరిచూశారు. పట్టిక చివరి పేజీలో ఉంది. ప్రింట్ల ఖర్చు అనుకున్నదానికంటే ఎక్కువైంది, దాన్ని దాతలు సర్దారు. సందేహాలుంటే కోశాధికారి గారిని అడగవచ్చు.

ప్రింట్లు సగం ధరకు వేసిచ్చిన స్టూడియో వారికి, టీ, ఉప్మా పంపిన హోటలు వారికి, పాత కెమెరా విరాళమిచ్చిన బరంపురం సభ్యులకు, మైకు పెట్టిన తమ్ముడికి, బడి పిల్లలను తీసుకొచ్చిన పంతులమ్మలకు, తోటల్లోకి రానిచ్చిన రైతులకు, సంచుల బరువు మోసిన మా పిల్లలందరికీ సంఘం రుణపడి ఉంది.

వచ్చే ఏడాదికి రెండు ప్రతిపాదనలు. ఒకటి, సంఘం డబ్బుతో ఒక 100 ఎంఎం మాక్రో లెన్సు కొని, రిజిస్టరులో సంతకం చేసిన సభ్యులకు వారానికొకరికి ఇవ్వడం. రెండు, రాయగడ వైపు వలిసె అనే నూనెగింజల చేలు పసుపుపచ్చగా పూసే వేళకు అందరం కలిసి వెళ్లడం. వలిసెకు గింజ కట్టాలంటే ఒక మొక్క పుప్పొడి ఇంకో మొక్కకు చేరాలి. అందుకే ఆ చేలల్లో తేనెటీగలకు కొదవ ఉండదు, ఫోటోలు నేర్చుకునేవారికి అంతకంటే మంచి చోటు లేదు. పేర్లు ఈ రోజే ఇవ్వండి. రాలేకపోతే ముందురోజు రాత్రిలోపు విభాగం కన్వీనరుకు తప్పనిసరిగా చెప్పండి, జీపు మాట్లాడేది ఆ లెక్కను బట్టే.

నివేదికను ఆమోదించవలసిందిగా సభను కోరుతున్నాను.

కార్యదర్శి
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా