సాస్-ఫేలో నా కాలు విరక్కుండా, అంటే విరిగినంత పనైనా, ఇంటికి చేర్చిన అందరికీ థాంక్స్

మోకాలికి బెల్టు కట్టుకుని సోఫాలో కూర్చుని టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. ఇంటికొచ్చి పదకొండు రోజులైంది. రోజూ రాద్దాం అనుకోవడం, నొప్పి మాత్ర వేసుకోవడం, నిద్రపోవడం, ఇదే సరిపోతోంది. ఇవాళ కూడా రాయకపోతే ఇంక ఈ జన్మకి రాయరని మా ఆవిడ ల్యాప్‌టాప్ తెచ్చి ఒళ్లో పెట్టింది.

ఫిబ్రవరి సెలవులకి నేను, మా ఆవిడ, ఏడేళ్ల పాప, తెనాలి నుంచి వచ్చిన మా అత్తయ్య, నలుగురం జర్మనీలో మేముండే స్టుట్‌గార్ట్ నుంచి స్విట్జర్లాండ్‌లో సాస్-ఫే అనే ఊరికి స్కీయింగ్‌కి వెళ్లాం. 1,800 మీటర్ల ఎత్తులో ఉంటుంది, మూడు పక్కలా కొండలే, ఫే గ్లేసియర్ దాదాపు ఊరి మీదకి వేలాడుతున్నట్టు కనిపిస్తుంది, పొద్దున్న కర్టెన్ తీస్తే ఎదురుగా అదే. పైన డోమ్ శిఖరం 4,545 మీటర్లు, పూర్తిగా స్విట్జర్లాండ్ లోపలే ఉన్న శిఖరాల్లో అదే ఎత్తైనది. ఊళ్లోకి కార్లు రానివ్వరు. 1951లో రోడ్డు వేశారు కానీ అది ఊరి మొదట్లోనే ఆగిపోయింది, కారులో వచ్చినవాళ్లు అక్కడ పెద్ద పార్కింగ్‌లో పెట్టేసి లోపలికి నడుచుకుంటూ గానీ చిన్న ఎలక్ట్రిక్ టాక్సీలో గానీ వెళ్లాలి. మేం రైల్లో విస్ప్ దాకా వెళ్లి అక్కడ పసుపు రంగు పోస్ట్ బస్సు ఎక్కాం. దిగి నాలుగడుగులు వేశాక అత్తయ్య ఆగి, "ఇదేంటి బాబూ, ఊరంతా కర్ఫ్యూ పెట్టినట్టుంది" అంది. నిజంగానే స్కీ బూట్ల టకటక, చర్చి గంట తప్ప ఏం వినపడదు.

మొదటి రెండు రోజులు బ్రహ్మాండంగా గడిచాయి. మెట్రో ఆల్పిన్ అని 1984లో కట్టిన రైలు ఒకటుంది, కొండ లోపల సొరంగంలోంచి పోయి దాదాపు 3,500 మీటర్ల దగ్గర దింపుతుంది, అత్తయ్యని కూడా తీసుకెళ్లాం, చీర మీద రెండు స్వెటర్లు, నా పాత జాకెట్టు. పైన రెండు మెట్లెక్కేసరికి అందరికీ ఆయాసమే, ఆవిడ ఒక్కతే బానే ఉంది, ఎందుకో తెలీదు.

మూడో రోజు నా ఘనకార్యం. దీనికి ముందు అద్దె షాపు సంగతి చెప్పాలి. స్కీలు అద్దెకిచ్చేటప్పుడు మన బరువు, ఎత్తు, వయసు, ఇంకా ఎలా స్కీ చేస్తారు అని అడుగుతారు, మెల్లగానా, మధ్యస్తంగానా, స్పీడుగానా అని మూడు రకాలుంటాయి. అవి చూసుకుని బూటుని పట్టి ఉంచే బైండింగ్‌ని స్క్రూడ్రైవర్‌తో తిప్పి ఒక నంబర్ దగ్గర పెడతారు, పడినప్పుడు ఎంత బలం పడితే బూటు ఊడి రావాలి అనేది ఆ నంబర్ బట్టే. నేను స్కీయింగ్ చేసిందల్లా జర్మనీలో ఫెల్డ్‌బర్గ్ కొండ మీద రెండు వీకెండ్లు, అంతే. కానీ పక్కన మా ఆవిడ చూస్తోంది, కౌంటర్లో అబ్బాయి కూడా చూస్తున్నాడు, స్పీడుగా అని టిక్ పెట్టేశా. వాళ్ల తప్పు ఇసుమంతైనా లేదు, నేను చెప్పినదానికి తగ్గట్టే గట్టిగా బిగించారు.

మధ్యాహ్నం మూడింటికి మబ్బు పట్టి వెలుతురు చదునైపోయింది, ఎక్కడ గుంట ఎక్కడ దిబ్బ తెలీట్లేదు. ఫెల్స్‌కిన్ అనే పై స్టేషన్ నుంచి కిందికొచ్చే ఎర్ర పిస్ట్ (మధ్యస్తం కష్టం ఉండే స్కీ దారి) మీద ఎడమ స్కీ గుంటలో దిగిపోయింది, ఒళ్లు ఒక పక్కకి, కాలు ఇంకో పక్కకి. స్కీ ఊడలేదు. లోపల ఏదో టప్‌మంది, తడిగుడ్డ చింపినట్టు.

మొదటి థాంక్స్ అక్కడ ఆగిన తాతకి. డెబ్భై దాటి ఉంటాయి, పాత నీలం జాకెట్టు. నాతో మాట్లాడకముందే తన స్కీలు విప్పి, నాకు కొంచెం పైన మంచులో ఇంటూ గుర్తులాగా గుచ్చాడు, పైనుంచి వచ్చేవాళ్లకి ఇక్కడ మనిషి పడున్నాడని తెలియడానికి. తర్వాత వంగి నా స్కీ వెనక మీట నొక్కి కాలు విడిపించాడు. పక్కనున్న కర్ర మీద నంబర్ చూసి ఫోన్ చేశాడు. ఆయన యాస నాకు నాలుగు మాటల్లో ఒకటి అర్థమవుతోంది, నా జర్మన్ ఆఫీసు జర్మన్. అయినా ఆ ఇరవై నిమిషాలూ గాలి వచ్చే వైపు తనే కూర్చుని, ఫ్లాస్కులో టీ మూతలో పోసి ఇచ్చి, ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు, నిద్రపోనివ్వకూడదనేమో. స్లెడ్జ్ (మంచు మీద జారే చిన్న బండి) రాగానే స్కీలు పెట్టుకుని వెళ్లిపోయాడు, పేరు అడిగే టైమ్ కూడా ఇవ్వలేదు.

తర్వాత పిస్ట్ ప్యాట్రోల్, అంటే పడ్డవాళ్లని కిందికి దించే దళం, వాళ్లిద్దరికి. కాలుకి చెక్కలు కట్టి, నారింజ రంగు కాన్వాస్‌లో చుట్టి, స్లెడ్జ్ మీద పడుకోబెట్టి, ముందు హ్యాండిల్స్ మధ్య వాళ్లలో ఒకమ్మాయి నిలబడి ఏటవాలులో దించుకుంటూ తెచ్చింది. నాకంటే సగం బరువుంటుంది. పడుకున్నవాడికి ఆకాశం, మొహం మీద చిమ్మే మంచు తప్ప ఏం కనపడదు, అమ్మవారిని తలుచుకుంటూ కళ్లు మూసుకున్నా.

ఊళ్లో డాక్టర్ గారు ఎక్స్‌రే తీసి ఎముక బానే ఉంది, మోకాలి లోపలివైపు లిగమెంట్ అనుమానం అన్నారు, ఇక్కడికొచ్చి స్కాన్ తీయిస్తే అదే, సగం చిరిగింది, ఆపరేషన్ లేదు గానీ ఆరు వారాలు బెల్టు. స్కీ ఊడి ఉంటే ఇంత మెలి పడేది కాదేమో అన్నారాయన. మా ఆవిడ నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను. జర్మనీ నుంచి వెళ్లేవాళ్లకి ఒక మాట, ఇన్సూరెన్స్ కార్డు వెనక ఉండే యూరప్ కార్డు డాక్టర్ దగ్గర చెల్లింది, మంచు మీద నుంచి దించినందుకు మాత్రం బిల్ విడిగా వస్తుంది, దానికి వేరే పాలసీ ఉండాలి, నాకు ఆఫీసు కొలీగ్ బలవంతంగా చేయించాడు కాబట్టి బతికిపోయా, నీకూ థాంక్స్ రా.

అసలు థాంక్స్ మా ఇంటి ఓనరమ్మకి. మేం దిగిన ఫ్లాట్ కింద ఆవిడే ఉంటారు. కాలు చూసి, ఐస్ ప్యాక్ ఎందుకు, బయట ఇంతుంటే, అని కవర్లో మంచు నింపుకొచ్చారు. సాయంత్రం క్వార్క్ అని గడ్డ పెరుగులాంటిది గుడ్డలో పరిచి మోకాలికి చుట్టారు, వాపుకి వాళ్ల ఇంటి వైద్యం అంట. అత్తయ్యకి ప్రాణం పోయినంత పనైంది, "తినే పెరుగు కాలికి రాస్తుందేంటమ్మా" అని. ఆవిడేమో తెనాలి నుంచి తెచ్చిన పసుపు తీసి పట్టేస్తానంటుంది, ఈవిడకి తెలుగు రాదు, ఆవిడకి జర్మన్ రాదు, ఇద్దరూ నా మోకాలి మీద అరగంట వాదించుకున్నారు, చివరికి పొద్దున పసుపు, సాయంత్రం క్వార్క్ అని రాజీ. పసుపు మరక ఓనరమ్మ తెల్ల దుప్పటికి అంటుకుంది, దాని డబ్బులు ఎంతడిగినా తీసుకోలేదు. మర్నాటి నుంచి ఇద్దరూ కలిసి కిచెన్‌లో బంగాళాదుంపల తొక్క తీస్తూ ఎవరి భాషలో వాళ్లు కబుర్లు.

ఓనరమ్మే చెప్పారు, 1849లో ఇక్కడి ఫాదర్ ఇమ్సెంగ్ చెక్క పలకలు కాళ్లకి కట్టుకుని కింద సాస్-గ్రుండ్‌కి జారుకుంటూ వెళ్లాడంట, చావుబతుకుల్లో ఉన్న మనిషి కోసం, స్విట్జర్లాండ్‌లో మొదటి స్కీయర్ ఆయనే అని అక్కడివాళ్ల మాట. "ఆయన ఏ ఫారం మీదా టిక్ పెట్టలేదు" అని నవ్వారు. అంటే మా ఆవిడ ఆవిడకి కూడా చెప్పేసిందన్నమాట.

ఇక విస్ప్‌లో ఉండే అన్నయ్యకి, వదినకి. వెళ్లేటప్పుడు బస్సులో పాప తెలుగులో గోల చేస్తుంటే వెనక్కి తిరిగి ఏ ఊరని పలకరించారు, నిడదవోలు వాళ్లు, అక్కడి మందుల కంపెనీలో ఉద్యోగం. నంబర్ తీసుకున్నాం, అంతే పరిచయం. విషయం తెలియగానే తిరుగు ప్రయాణం రోజు పొద్దున్నే కారేసుకుని పైకొచ్చి, ఆ పార్కింగ్ దగ్గర నిలబడి ఉన్నారు. మేం ఎలక్ట్రిక్ టాక్సీలో అక్కడి దాకా, అక్కడి నుంచి వాళ్ల కారులో స్టేషన్‌కి, బ్యాగులన్నీ అన్నయ్యే ప్లాట్‌ఫారం మీదకి మోశాడు. వదిన కట్టిచ్చిన పులిహోర బాసెల్ రాకముందే అయిపోయింది. టిఫిన్ బాక్సు మా దగ్గరే ఉంది వదినా, ఖాళీగా పంపను.

ఇంకొక్కరు. నేను పడ్డప్పుడు కుడి చేతి గ్లవ్ ఎక్కడో పోయింది. రెండ్రోజుల తర్వాత మా ఆవిడ, పాప అటు వెళ్తే, అదే పిస్ట్ పక్కన కర్రకి తొడిగి ఉందంట, వేళ్లు పైకి, చెయ్యెత్తి పిలుస్తున్నట్టు, లోపల కొంచెం మంచు గడ్డకట్టి. ఎవరు పెట్టారో.