కాలేయం కోసం ఎదురుచూసే రోజుల మాటేమిటి?

గౌరవనీయులైన తెలంగాణ ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

రెండు వినతిపత్రాలకు జవాబు రాలేదు కనుక అందరి ముందూ రాస్తున్నాను.

కామెర్లు ముదిరి మా తమ్ముడి కాలేయం చెడిపోయింది. చెయ్యి చాపమంటే అరచెయ్యి రెక్కలా కొట్టుకునేది. నాలుగో రోజుకి అమ్మను కూడా గుర్తుపట్టలేదు. అవయవదానం కోసం ప్రభుత్వం నడిపే జీవన్‌దాన్‌లో పేరు రాయించాం. కాలేయం దొరికేదాకా ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) మార్పిడితో కొన్ని రోజులు నిలబెట్టవచ్చని డాక్టరు గారు అన్నారు. అది చేసే మిషన్ మా జిల్లాలో లేదు. హైదరాబాద్ దారిలో, అంబులెన్స్‌లోనే పోయాడు.

కిడ్నీలకు డయాలసిస్ ఉన్నట్టు కాలేయానికి ఏళ్ల తరబడి నడిపే మిషన్ లేదు, నిజమే. అయితే విషాలు చేరిన ప్లాస్మాను తీసి దాతల ప్లాస్మా ఎక్కిస్తే గడువు దొరకవచ్చు. కొందరికి కాలేయ మార్పిడి అవసరమే తప్పుతుంది.

ప్రతి ప్రభుత్వ బోధనాసుపత్రిలో ఈ మిషన్, నడిపే సిబ్బంది, ఆరోగ్యశ్రీలో పూర్తి ఖర్చు ఉండేలా తేదీతో సహా ఉత్తర్వు ఇవ్వండి.

ఇట్లు,
ఒక అన్న