మా మీటరు లెక్క మాకు ఇప్పించండి: విద్యుత్ శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యుత్ శాఖ మంత్రిగారికి,

నమస్కారాలతో రాయునది.

ఇంటి పైకప్పు మీద సౌర ఫలకాలు పెట్టుకున్న వినియోగదారులు టారిఫ్ ప్లాన్ (కరెంటుకు ఏ లెక్కన ధర కట్టాలో చెప్పే పథకం) ఎంచుకోవడంలో పడుతున్న అవస్థల గురించి గత పద్నాలుగు నెలల్లో మీ కార్యాలయానికి మూడు వినతిపత్రాలు పంపాను. మొదటిదానికి రశీదు సంఖ్య ఒకటి వచ్చింది. రెండవదాన్ని, నేను ఏ సరఫరా సంస్థ మీద ఫిర్యాదు చేశానో ఆ సంస్థకే తగిన చర్య కోసం పంపించారు. వారు నన్ను ఒక్క మాట కూడా అడగకుండా సమస్య పరిష్కారమైందని రాసుకుని ఫైలు మూసేశారు. మూడవదానికి ఇంతవరకు ఏ జవాబూ లేదు. అందుకే ఇలా పదిమందీ చదివేలా రాయవలసి వస్తోంది. ఇందులో ఎక్కడైనా మాట కటువుగా అనిపిస్తే అది అగౌరవం వల్ల కాదని, విసిగి వేసారడం వల్లనేనని దయచేసి గ్రహించగలరు.

మా ఇంటి మీద 5 కిలోవాట్ల సౌర ఫలకాలు ఉన్నాయి. నేనూ నా భర్తా ఉదయం పనికి వెళ్తే సాయంత్రానికి గాని తిరిగి రాము. పగలు ఇంట్లో ఉండేది మా అమ్మ ఒక్కతే. ఉత్పత్తి అయ్యే కరెంటులో ఎక్కువ భాగం పగలే గ్రిడ్‌కు, అంటే అందరికీ కరెంటు చేర్చే తీగల వ్యవస్థకు, వెళ్లిపోతుంది, మాకు కావలసినది చీకటి పడ్డాక గ్రిడ్ నుంచి వస్తుంది. సౌర ఫలకాలున్న ఇళ్లలో చాలావాటి పరిస్థితి ఇదే. మేము ఉన్న పాత ప్లాన్‌ను రద్దు చేస్తున్నామనీ, ముప్పై రోజుల్లో కొత్త ప్లాన్ ఎంచుకోకపోతే తామే ఏదో ఒకదానిలో చేరుస్తామనీ సరఫరా సంస్థ ఉత్తరం రాసింది. దానితోపాటు ప్లాన్లను పోల్చి చూపే పట్టిక ఒకటి జతచేసింది. అందులో, సమయాన్ని బట్టి ధర మారే ప్లాన్ మా ఇంటికి అన్నిటికన్నా లాభదాయకమని రాసి ఉంది. ఆ పట్టికను నమ్మి అందులో చేరాము.

ఆ ప్లాన్ గొప్పతనమంతా మధ్యాహ్నం కరెంటు చవకగా దొరకడంలోనే ఉంది. కానీ మంత్రిగారూ, మధ్యాహ్నం పూట మేము గ్రిడ్ నుంచి ఒక్క యూనిట్ కూడా తీసుకోము. ఆ వేళ మేమే గ్రిడ్‌కు ఇస్తాము. చవక ధర మేము కొనని వేళకూ, పీక్ ధర, అంటే గిరాకీ ఎక్కువగా ఉండే వేళల ఎక్కువ ధర, మేము తప్పనిసరిగా కొనవలసిన వేళకూ పెట్టిన ప్లాన్ సౌర ఫలకాలు లేని ఇంటికి లాభమేమో గాని మాకు లాభం ఎలా అవుతుంది? తరువాత ఆరా తీస్తే తెలిసిందేమిటంటే, ఆ పట్టికను సౌర ఫలకాలు లేని సగటు ఇంటి వాడకం ఆధారంగా తయారుచేశారట. మా నుంచి గ్రిడ్‌కు వెళ్లే యూనిట్లకు అందులో ఒక గడి కూడా లేదు.

బిల్లు పెరగడం మొదలయ్యాక, ఏ గంటలో ఎన్ని యూనిట్లు తీసుకున్నామో, ఎన్ని ఇచ్చామో వివరాలు ఇవ్వమని అడిగాను. మా ఇంటి స్మార్ట్ మీటరు ప్రతి అరగంటకూ రీడింగు నమోదు చేస్తుందని వారే ఒప్పుకున్నారు. అయితే ఆ వివరాలు తమ అంతర్గత అవసరాల కోసమేననీ, వినియోగదారులకు నెలవారీ మొత్తాలు మాత్రమే ఇస్తామనీ అన్నారు. ఫలకాల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టరు యాప్‌లో ఉత్పత్తి కనిపిస్తుంది గాని, అందులో ఎంత ఇంట్లో వాడామో, ఎంత బయటికి వెళ్లిందో కనిపించదు. ఇక చేసేది లేక, డెబ్బై ఒక్క ఏళ్ల మా అమ్మ పద్నాలుగు రోజులపాటు ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా గంటగంటకూ మీటరు దగ్గరికి వెళ్లి, తెరమీద ఒకదాని తరువాత ఒకటిగా మారే రెండు అంకెల కోసం నిలబడి, నోటు పుస్తకంలో రాసిపెట్టింది. మోకాళ్ల నొప్పులున్న మనిషి. వద్దంటే వినలేదు. మీటరుకు తెలిసిన లెక్కను మళ్లీ మనిషి చేత్తో రాయించిన ఆ పద్నాలుగు రోజులను తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

ఆ నోటు పుస్తకంలోని సగటు లెక్కను మీ ముందు ఉంచుతున్నాను. రోజుకు 20 యూనిట్లు ఉత్పత్తి అవుతాయి. అందులో 6 ఇంట్లోనే ఖర్చవుతాయి, 14 గ్రిడ్‌కు వెళ్తాయి. సాయంత్రం నుంచి ఉదయం దాకా 9 యూనిట్లు గ్రిడ్ నుంచి తీసుకుంటాము, వాటిలో 6 పీక్ వేళల్లోనే. మామూలు యూనిట్ ధరను 100 పాళ్లు అనుకుందాం. ఏ వేళకైనా ధర మారని ప్లాన్‌లో, మమ్మల్ని ఎంచుకోమన్న రోజున ఉన్న ధరల ప్రకారం, 9 యూనిట్లకు 900 పాళ్లు కట్టాలి. మేము ఇచ్చే 14 యూనిట్లకు 50 పాళ్ల చొప్పున 700 జమ అవుతాయి, నికరంగా కట్టవలసింది 200. ఆ ప్లాన్‌లో స్థిర ఛార్జీ (వాడకంతో పనిలేకుండా కట్టవలసిన రుసుము) రోజుకు 150 పాళ్లు ఎక్కువ, దాన్ని కలిపినా మొత్తం 350. మాకు అంటగట్టిన ప్లాన్‌లో పీక్ వేళ 6 యూనిట్లకు 160 చొప్పున 960, మిగిలిన 3 యూనిట్లకు 80 చొప్పున 240, వెరసి 1200. మేము ఇచ్చే యూనిట్‌కు 25 పాళ్లే కనుక జమ 350 దాటదు. నికరంగా 850. లాభదాయకమని చెప్పిన ప్లాన్‌లో రెండింతలకు మించి కడుతున్నాము.

ఇదే ఇంట్లో బ్యాటరీ ఉంటే లెక్క తలకిందులవుతుంది. పగటి మిగులులో 6 యూనిట్లు దాచి పీక్ వేళ వాడుకుంటే, నిల్వలో పోయే కొద్దిపాటి నష్టాన్ని పక్కన పెట్టి చూస్తే, సమయాన్ని బట్టి మారే ప్లాన్‌లో రోజుకు 40 పాళ్లూ, ధర మారని ప్లాన్‌లో స్థిర ఛార్జీతో కలిపి 50 పాళ్లూ పడతాయి. రెండూ దాదాపు సమానమే. సాయంత్రపు ఎండ పడేలా ఫలకాలు పడమరకు ఉన్న ఇంటి లెక్క వేరు, పగలు మనుషులు ఉండి వంటా బట్టలుతకడమూ ఎండ ఉండగానే ముగించుకునే ఇంటి లెక్క వేరు. అందరికీ ఒకే పట్టిక ఇచ్చి, మీకు ఇదే మంచిదని చెప్పడం సలహా ఎలా అవుతుందో నాకు బోధపడడం లేదు.

సాయంత్రపు కరెంటుకు ఎక్కువ ధర ఎందుకో తెలియక ఈ మాటలు అనడం లేదు. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు సరఫరా పొంగి, పొద్దుగూకగానే గిరాకీ ఒక్కసారిగా ఎగబాకే తీరును కాలిఫోర్నియా గ్రిడ్ నిర్వాహకులు 2013లోనే బాతు ఆకారంలో ఉన్న గ్రాఫుగా గీసి చూపించారు. ఆ ఇబ్బంది నిజమైనది, దానికి తగ్గట్టు ధరలు ఉండడంలో న్యాయం ఉంది. ఆ రాష్ట్రంలో 2023 ఏప్రిల్ తరువాత దరఖాస్తు చేసిన ఇళ్లు గ్రిడ్‌కు ఇచ్చే యూనిట్‌కు విలువను కూడా గంటను బట్టే కడుతున్నారు. గంటను బట్టి మా దగ్గర వసూలు చేయదలిస్తే, గంటను బట్టి మా లెక్క మాకు చూపించవలసిన బాధ్యత కూడా ఉంటుంది కదా. అమెరికాలో వినియోగదారుడు తన మీటరు వివరాలను ఒకే ప్రామాణిక రూపంలో దించుకునే గ్రీన్ బటన్ ఏర్పాటు 2012 జనవరిలోనే మొదలైంది. మనకు అది అందని వింత కాదు. మీటర్లు గోడకు బిగించే ఉన్నాయి, రీడింగులు వాటిలో నమోదవుతూనే ఉన్నాయి.

పోనీ, తప్పు తెలిసింది కనుక ప్లాన్ మారదామంటే పన్నెండు నెలలు నిండేదాకా వీల్లేదన్నారు. మధ్యలో మారితే ఖాతాలో ఉన్న జమ యూనిట్లు రద్దవుతాయట. ఎండాకాలమంతా పోగుచేసుకున్న యూనిట్లు అవి. వాటిని వదులుకోలేక ఆగాము. ఆగిన ఈ నెలల్లోనే ధర మారని ప్లాన్‌లో గ్రిడ్‌కు ఇచ్చే యూనిట్ జమను 50 పాళ్ల నుంచి 30కి తగ్గించారు. ఎంపిక చేసుకోమన్న రోజున ఉన్న ధర మేము అందులో అడుగుపెట్టే రోజుకు లేదు. వినియోగదారుడు ఏడాదిపాటు మాటకు కట్టుబడి ఉండాలి గాని సంస్థ ఎప్పుడైనా ధర మార్చుకోవచ్చనడం ఏ ఒప్పందపు ధర్మం? అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో 2015 డిసెంబరులో సౌర ఫలకాలున్న ఇళ్ల కొత్త ధరలను పాత వినియోగదారులకూ వర్తింపజేస్తే పెద్ద గొడవే జరిగింది. మరుసటి ఏడాది పాతవారికి ఇరవై ఏళ్లపాటు పాత షరతులే కొనసాగేలా అక్కడి నియంత్రణ మండలి అంగీకరించవలసి వచ్చింది. జర్మనీలో 2000లో వచ్చిన చట్టం గ్రిడ్‌కు ఇచ్చే సౌర కరెంటుకు మొదటి నుంచీ ఇరవై ఏళ్ల ధరకు హామీ ఇచ్చింది. మేము ఇరవై ఏళ్లు అడగడం లేదు. మమ్మల్ని కట్టిపడేసిన ఆ పన్నెండు నెలలకైనా మాట నిలబెట్టమంటున్నాము.

ప్రతి ప్లాన్‌నూ ప్రజలు సులువుగా పోల్చుకునేలా చేస్తామని మీరు సభాముఖంగా చెప్పిన మాట నాకు బాగా గుర్తుంది. ఆ మాట విన్నాకే మేము ఫలకాల కోసం అప్పు తీసుకున్నాము. ఆ వాయిదాలు ఇంకా కడుతూనే ఉన్నాము. అధికారులు కాల్ సెంటర్‌ను అడగమంటారు, కాల్ సెంటర్ వారు నిర్ణయం మీదేనంటారు. నిర్ణయం మాదేనని మేమూ ఒప్పుకుంటాము. కానీ లెక్క చూపించకుండా నిర్ణయం తీసుకోమంటే, కళ్లకు గంతలు కట్టి దారి వెతుక్కోమన్నట్టే కదా మంత్రిగారూ?

కనుక, సౌర ఫలకాలున్న ఇంటిని ప్లాన్ ఎంచుకోమని అడిగే ముందు, ఆ ఇంటి గత పన్నెండు నెలల అరగంట రీడింగులను ఆ ఇంటివారి చేతికి ఇవ్వాలని ఆదేశించండి. అందుబాటులో ఉన్న ప్రతి ప్లాన్‌లోనూ అవే రీడింగులకు బిల్లు ఎంత వచ్చి ఉండేదో, స్థిర ఛార్జీలతో సహా, గ్రిడ్‌కు ఇచ్చిన యూనిట్ల జమతో సహా, ఒకే కాగితం మీద చూపించమనండి. కొత్తగా ఫలకాలు పెట్టుకున్నవారికి ఏడాది రీడింగులు ఉండవు. అలాంటివారికి మొదటి ఏడాది ఎప్పుడైనా, జమ పోకుండా, ప్లాన్ మారే వీలు ఇవ్వండి. తప్పుడు పట్టికలను నమ్మి చేరినవారు చెల్లించిన అదనపు మొత్తాన్ని తిరిగి ఇప్పించే సంగతి కూడా ఆలోచించండి. అది వెంటనే సాధ్యం కాదంటే, కనీసం మా మీటరు రీడింగులనైనా మాకు ఇప్పించండి. ఆ లెక్క మేమే వేసుకుంటాము.

మా ప్లాన్ గడువు ముగియడానికి ఇంకా నాలుగు నెలలు ఉంది. ఆ తరువాత ముప్పై రోజుల్లో మళ్లీ ఎంచుకోమని ఉత్తరం వస్తుంది. మా అమ్మ అప్పుడే కొత్త నోటు పుస్తకం కొనిపెట్టమని అడుగుతోంది. దయచేసి ఆ పుస్తకం కొనవలసిన అవసరం రాకముందే జవాబు ఇప్పించగలరని ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
సౌర విద్యుత్ వినియోగదారురాలు