ఐరాస ఉద్యోగానికి బీఏ టికెట్టా?

సంపాదకుడు గారికి,

కిందటి వారం మీ చదువుల పేజీలో ఇంటర్నేషనల్ రిలేషన్స్‌లో, అంటే అంతర్జాతీయ సంబంధాల్లో, బీఏ చేస్తే ఐక్యరాజ్యసమితిలో కొలువు ఖాయమన్నట్టు సగం పేజీ వ్యాసం వేశారు. ఎదురు పేజీలో అదే కోర్సు నడిపే ఓ ప్రైవేటు యూనివర్సిటీ రంగుల ప్రకటన. ఏది వ్యాసమో ఏది ప్రకటనో తేల్చుకోలేక కళ్లజోడు తుడుచుకోవాల్సి వచ్చింది. ఫీజెంతో రెండింట్లోనూ లేదు. డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్స్ చెప్పి రిటైరైన పాపానికి, ఆ కటింగ్ పట్టుకుని ‘మాస్టారూ, మా పెద్దమ్మాయిని చేర్చమంటారా?’ అంటూ మా వీధివాళ్లు నా దగ్గరికే వస్తున్నారు. మీరు రాయాల్సింది రాసి ఉంటే నాకీ టెన్షన్ ఉండేది కాదు.

ముందు ఐరాస సంగతి. అక్కడ ప్రొఫెషనల్ ఉద్యోగాలకు మామూలుగా పీజీ అడుగుతారు. ఉత్త డిగ్రీయే ఉంటే, దానికి తోడు అదనంగా కొన్నేళ్ల అనుభవం చూపించాలి. మీరు అంత ఊరించిన ఇంటర్న్‌షిప్ ఉంది చూశారూ, ఐరాస సచివాలయంలో దానికి పైసా జీతం ఇవ్వరు. న్యూయార్క్‌లో అద్దె, తిండి, పోనూ రానూ విమానం, అన్నీ కన్నవాళ్లే భరించాలి. ఈ ముక్కకు పేజీలో చోటు చాలలేదు కాబోలు! మన విదేశాంగ సర్వీసు ఐఎఫ్‌ఎస్‌కైనా ఇదే డిగ్రీ ఉండాలన్న రూలు లేదు. సివిల్స్‌కు ఏ డిగ్రీ అయినా సరే. మన విదేశాంగ మంత్రి జైశంకర్ గారు డిగ్రీలో చదివింది కెమిస్ట్రీ. ఢిల్లీలోని జేఎన్‌యూలో అంతర్జాతీయ సంబంధాల్లో పీహెచ్‌డీ ఆ తర్వాతి సంగతి.

సబ్జెక్టు దండగని నేననడం లేదు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, 1919లో, బ్రిటన్‌లో వేల్స్‌లోని అబెరిస్ట్విత్ యూనివర్సిటీ కాలేజీలో దీనికి మొదటి శాఖ పెట్టారు. యుద్ధంలో చనిపోయిన విద్యార్థుల జ్ఞాపకార్థం డేవిడ్ డేవిస్ అనే అక్కడి ధనికుడు, ఆయన చెల్లెళ్లు డబ్బిచ్చారు. దేశాలు ఎందుకు కొట్టుకు చస్తాయో తెలుసుకోవాలని పుట్టిన చదువండీ అది, క్యాంపస్ ప్లేస్‌మెంట్ కోసం కాదు. మన దేశంలో 1955లో ఢిల్లీ సప్రూ హౌస్‌లో ఇందుకోసమే ఒక విద్యాసంస్థ పెట్టారు. 1970లో అది జేఎన్‌యూలో కలిసింది. అక్కడ ఎంఏ నుంచే చేర్చుకుంటారు. చరిత్ర, ఎకనామిక్స్ కాస్త ఒంటబట్టాక ఇటు రావడమే మంచిదని నా ఉద్దేశం కూడా.

నిజానికి ఈ చదువు అవసరం మా జిల్లాకున్నంత ఢిల్లీకి కూడా లేదేమో. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద 50 శాతం సుంకం వేసింది. రొయ్యల్లో మనకు పోటీ అయిన ఈక్వెడార్‌కు మాత్రం 15 శాతమే. వంద కౌంట్ రొయ్య, అంటే కిలోకు వంద తూగే రొయ్య, రేటు ఎందుకు పడిందో చెరువు గట్టు మీద రైతులు మాట్లాడుకున్నంత వివరంగా ఏ చానెల్లోనూ చెప్పలేదు. ఆ చానెళ్లవాళ్లకు రాత్రయితే క్షిపణుల బొమ్మలు, అరుపులు తప్ప ఇంకేం పట్టవు. సెప్టెంబరులో అమెరికావాళ్లు కొత్త హెచ్‌1బీ వీసా దరఖాస్తుకు లక్ష డాలర్ల ఫీజన్నారు, ఇక్కడ ఇంటింటా అదే గోల. కోనసీమ నుంచి కువైట్ వెళ్లి ఏజెంట్ చేతిలో మోసపోయేవాళ్ల సంగతి ఎప్పుడూ ఉన్నదే. గుజరాత్ నుంచి వేటకెళ్లి 2018లో పాకిస్థాన్‌కు చిక్కిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2020 జనవరిలో గానీ ఇల్లు చేరలేదు.

ఇన్ని దేశాలతో ముడిపడి బతుకుతున్నా, మా చుట్టుపక్కల ఏ గవర్నమెంటు డిగ్రీ కాలేజీలోనూ ఈ కోర్సు నాకు కనపడలేదు. పాలిటిక్స్‌లో భాగంగా ఏదో ఒక పేపరు, అంతే. అది చెప్పే పోస్టు ఖాళీ అయితే ఓ గెస్ట్ లెక్చరర్, ఆయన జీతం ఎప్పుడొస్తుందో ఆయనకే తెలియదు. బజార్లో దొరికే గైడ్లలో ప్రచ్ఛన్న యుద్ధం ఇంకా ముగియలేదు. 2023-24లో మూడు సబ్జెక్టుల బీఏ తీసేసి సింగిల్ మేజర్ తెచ్చారు. పాత హెచ్‌ఈపీలో పిల్లవాడికి చరిత్ర, ఎకనామిక్స్, పాలిటిక్స్ మూడూ కలిపి దొరికేవి. ఈ చదువుకు సరిగ్గా కావాల్సినవి అవే మరి. ఉన్నదాన్ని ప్రభుత్వంవాళ్లు తీసేశారు, ఆ ఖాళీలో లక్షల ఫీజులవాళ్లు దూరారు. అడిగితే పైవాళ్లు ‘స్కిల్స్’ అంటారు. ఈ మధ్య ఏ ఫైలు మీద చూసినా అదే మాట.

వచ్చినవాళ్లకు నేను చెబుతున్నది ఒకటే. అప్పుచేసి ఆ కోర్సులో చేర్చకండి. హైదరాబాద్ ఇఫ్లూలో (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) స్పానిష్, అరబిక్ లాంటి భాషలు డిగ్రీ స్థాయిలోనే ఉన్నాయి, అదీ కేంద్ర విశ్వవిద్యాలయం. మన రొయ్యకు పోటీ అయిన ఈక్వెడార్ వాళ్లు మాట్లాడేదీ స్పానిషే. అక్కడో, ఓ మంచి ఎకనామిక్స్ బీఏలోనో చదివించి, ఆ తర్వాత ఎంఏకు పంపండి అంటున్నాను. మీ వ్యాసంలో ఇఫ్లూ పేరు కూడా లేదు.

మనవైపు విశాఖలో తూర్పు నౌకాదళం ఉంది, ఓడరేవుంది, ఆంధ్రా యూనివర్సిటీ ఉంది. రెండుసార్లు విదేశాంగ మంత్రిగా చేసి, ప్రధానిగా 1992లో ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు పెట్టుకున్న పీవీ గారు తెలుగువారే. ఒక విదేశీ భాష తప్పనిసరి చేసి, ప్రభుత్వ ఫీజుతో ఈ డిగ్రీని ఆంధ్రా యూనివర్సిటీలో నడపడానికి అడ్డేమిటో ఉన్నత విద్యాశాఖ వారిని మీరే అడగండి. జవాబొస్తే వేయండి. రాకపోతే రాలేదనైనా వేయండి.

— ఒక విశ్రాంత అధ్యాపకుడు,
భీమవరం