ఎటు వెళ్లాలో చెప్పినవారికి కృతజ్ఞతలు

గత వారం ఒక నిర్మాణ సంస్థతో నాకు ఒప్పందం కుదిరింది. ఒక వెబ్ సిరీస్‌లో కొన్ని ఎపిసోడ్లకు మాటలు రాయడం నా పని. టైటిల్ కార్డులో నా పేరు ఏ హోదాతో పడాలో కూడా ఒప్పంద పత్రంలోనే రాసి ఉంది. ఈ కబురు విన్నవారంతా అభినందిస్తున్నారు, అందరికీ నమస్కారాలు. అయితే ఆ అభినందనల్లో పెద్ద వాటా దక్కవలసినవారు వేరే ఉన్నారు. వారికి నలుగురి ఎదుట కృతజ్ఞతలు చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను. తమ పేర్లు రాయవద్దని వారిలో చాలామంది కోరారు కనుక పేర్లు రాయడం లేదు. ఎవరు ఏ సాయం చేశారో మాత్రం వివరంగానే రాస్తాను, ఎందుకంటే వారు నాకు చెప్పిన సంగతులు ఈ ఊళ్లో కథ రాసుకుని కూర్చున్న ఎంతోమందికి పనికివస్తాయి.

హైదరాబాద్‌లో సినిమా అవకాశాల కోసం వచ్చినవారు ఎక్కువగా ఉండే కృష్ణానగర్, యూసఫ్‌గూడ ప్రాంతాల వారికి ఈ పరిస్థితి తెలిసినదే. ఇక్కడ కథలు ఉన్నవారికి కొదవ లేదు, ఆ కథను ఎవరికి, ఏ రూపంలో, ఎటువంటి రక్షణతో అందజేయాలో కూర్చోబెట్టి చెప్పేవారే అరుదు. నల్లగొండ నుంచి వచ్చి, పగలు అకౌంట్స్ ఉద్యోగం చేసుకుంటూ, రాత్రులు హాస్టల్ గదిలో రాసుకునే నాకు ఇక్కడ పరిచయాలంటూ ఏమీ లేవు. ఒక ఆఫీసులో నా కథ విన్నారు, ఫైలు ఉంచుకున్నారు, ఆ తర్వాత ఫోను ఎత్తలేదు. ఆ రోజుల్లోనే రవీంద్రభారతిలోని పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్‌లో లఘుచిత్రాల ప్రదర్శన చూసి, చివర జరిగిన చర్చలో లేచి, రాయడం నేర్చుకోవాలన్నా, రాసినది చూపించుకోవాలన్నా మాబోటి వాళ్లం ఎక్కడికి వెళ్లాలని అడిగాను. సమయం లేక వేదిక మీదివారు క్లుప్తంగా జవాబు చెప్పారు. కానీ కార్యక్రమం ముగిశాక ముగ్గురు నన్ను ఆపి, ఆ ప్రశ్నను తమదిగా తీసుకుని మాట్లాడారు. నా కృతజ్ఞతలు ముందుగా ఆ ముగ్గురికి.

మొదటివారు ఎన్నో ఏళ్లుగా కో-డైరెక్టర్‌గా పనిచేస్తున్న అన్న. షూటింగ్ లేని ఆదివారాల్లో నన్ను ఇంటికి పిలిచి, వదిన చేతి భోజనం పెట్టించి, నా స్క్రిప్టు మొత్తం చదివి, సీను సీనుకూ గుర్తులు పెట్టి ఇచ్చారు. అందులో ఒక సీను గురించి చెప్పాలి. బాలానగర్ ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టు ముగించుకుని తండ్రి ఇంటికి వస్తాడు. తనకు బెంగళూరులో ఉద్యోగం వచ్చిన సంగతి కూతురు అతనికి చెప్పాలి. నేను దానికి పేజీన్నర సంభాషణ రాశాను. అన్న ఆ పేజీన్నరకూ అడ్డంగా పెన్సిలు గీత గీసి, "చెల్లె, ఈ పిల్లకు ఇయ్యాల నోట మాట రాదనుకో. అప్పుడేం చేస్తది?" అని అడిగారు. వారం పాటు ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఇప్పుడు ఆ సీనులో కూతురు తండ్రి టిఫిన్ బాక్సు కడిగి, తుడిచి, తన నియామక పత్రాన్ని మడిచి అందులో పెట్టి మూత వేస్తుంది. రాత్రి డ్యూటీకి బయలుదేరే ముందు అన్నం సర్దుకోవడానికి ఆ మూత తీసేది తండ్రే. సీను మొత్తంలో ఒక్కటే మాట ఉంది. "ఎప్పుడు పోవాలె?" అంటాడు. నిర్మాణ సంస్థవారు నా రచన నమూనా అడిగినప్పుడు నేను పంపినది ఈ సీనే.

అన్న నేర్పినది అంతటితో ఆగలేదు. వన్‌లైన్, సినాప్సిస్ (కథా సారాంశం), ట్రీట్‌మెంట్, సీన్ ఆర్డర్, డైలాగ్ వెర్షన్, బౌండ్ స్క్రిప్టు అనేవి కథ కాగితం మీద పెరిగే దశల పేర్లు, వాటిని మనం ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటాం కానీ, ఏ దశలో ఎవరు దేన్ని అడుగుతారో తెలియకపోతే మంచి కథ కూడా తలుపు దగ్గరే ఆగిపోతుందని ఆయన అభిప్రాయం. నచ్చిన సినిమాను ముందు పెట్టుకుని, ప్రతి సీనుకూ చోటు, వేళ, ఆ సీను ముగిసేసరికి ఎవరి పరిస్థితిలో ఏ మార్పు వచ్చిందన్నది ఒక్కొక్క వాక్యంలో రాయమన్నారు. చేసి చూస్తే తప్ప ఈ అభ్యాసం విలువ అర్థం కాదు. ఇంగ్లీషు స్క్రిప్టుల్లో కొరియర్ 12 పాయింట్ల అక్షరంతో రాసిన ఒక పేజీ తెర మీద సుమారు ఒక నిమిషం వస్తుందని అంచనా వేస్తారు. మన లిపిలో అక్షరాల వెడల్పు వేరు, వత్తుల వల్ల వరుసల మధ్య దూరమూ వేరు కాబట్టి ఆ లెక్కను తెలుగు పేజీకి నేరుగా అన్వయించరాదనీ, సీనును గడియారం పెట్టుకుని పైకి చదువుకోవడమే మేలనీ చెప్పారు.

రెండవవారు న్యాయవాది గారు. సినిమా రంగంతో ఆయనకు సంబంధం లేదు, నాటకాల మీద ప్రేమతో ఆ రోజు అక్కడికి వచ్చినవారు. ఫీజు మాట ఎత్తనివ్వకుండా ఆయన నాకు వివరించిన విషయాలు ప్రతి కొత్త రచయితకూ తెలిసి ఉండవలసినవి. కాబట్టి వాటిని కొంచెం విస్తారంగా రాస్తున్నాను.

ఆలోచనకు కాపీరైట్ ఉండదు, ఆ ఆలోచనను మనం రాసుకున్న తీరుకు ఉంటుంది. 1978లో సుప్రీంకోర్టు ఒక నాటక రచయిత వేసిన కేసులో ఈ భేదాన్ని స్పష్టం చేసింది. అందువల్ల కథను నోటితో చెప్పడానికి వెళ్లేముందే అది సీన్లతో, పాత్రలతో వివరంగా కాగితం మీద ఉండాలని ఆయన గట్టిగా చెప్పారు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచన పూర్తయిన క్షణం నుంచే హక్కు రచయితది, నమోదు తప్పనిసరి కాదు. కానీ వివాదం వచ్చినప్పుడు నమోదు పత్రం సాక్ష్యంగా నిలుస్తుంది. ఢిల్లీలోని కాపీరైట్ కార్యాలయానికి ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు చేయవచ్చు, సాహిత్య రచనకు రుసుము 500 రూపాయలు. దరఖాస్తుకు డైరీ నంబరు ఇచ్చాక, ఎవరికైనా అభ్యంతరాలు ఉంటే చెప్పుకోవడానికి 30 రోజుల గడువు ఉంటుంది. పరిశీలన ఆ తర్వాతే జరుగుతుంది కనుక తొందరపడి లాభం లేదు. ఇది కాక, ముంబైలోని స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్‌లో సభ్యత్వం తీసుకున్నవారు తమ స్క్రిప్టును అక్కడ ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవచ్చు. మన ఊళ్లో తెలుగు సినీ రచయితల సంఘం ఉండనే ఉంది.

ఇక ఒప్పందం సంగతి. నాకు పంపిన మొదటి ముసాయిదాలో "సమస్త మాధ్యమాలలో, సమస్త ప్రాంతాలలో, శాశ్వతంగా" అనే మాటలు ఉన్నాయి. ఆయన ఆ మూడు ముక్కల కిందా గీతలు గీసి, ఒక్కొక్కదానికి చట్టం ఏమంటుందో చెప్పారు. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. ఎంత కాలానికి ఇస్తున్నామో పత్రంలో రాయకపోతే అయిదేళ్లకే ఇచ్చినట్టు, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే ఇచ్చినట్టు భావించాలి. పత్రంలో మరోలా రాయనంతవరకు, హక్కు తీసుకున్నవారు ఏడాదిలోగా దాన్ని వినియోగించకపోతే ఆ బదిలీ రద్దయినట్టే. కథ ఇచ్చేసి, సినిమా మొదలుకాక, ఆ కథను ఇంకెవరికీ చెప్పలేక ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న రచయితలను నేను ఎరుగుదును. వారికి ఈ ఒక్క నిబంధన తెలిసి ఉంటే ఎంత బాగుండేదోనని ఆ రోజు చాలా బాధ కలిగింది. 2012 సవరణ తర్వాత, సినిమాలో వాడిన రచనను థియేటర్ ప్రదర్శనకు వెలుపల వినియోగించినప్పుడు వచ్చే రాయల్టీలో రచయితకు సమాన వాటా ఉంది. ఆ హక్కును రచయిత తన వారసులకో, రచయితల తరఫున రాయల్టీ వసూలు చేసే కాపీరైట్ సొసైటీకో తప్ప ఇతరులకు రాసి ఇవ్వడానికి గానీ, వదులుకోవడానికి గానీ వీల్లేదు. హక్కులన్నీ అమ్ముకున్నా, ఇది నా రచన అని చెప్పుకునే హక్కు మాత్రం చట్టంలోని 57వ సెక్షన్ ప్రకారం రచయిత దగ్గరే ఉంటుంది. ఈ మాటలు మనసులో పెట్టుకుని నేను మర్యాదగా మార్పులు అడిగాను. సంస్థవారు కాలపరిమితి రాశారు, పేరు పడే విధానం రాశారు, డ్రాఫ్టుల వారీగా చెల్లింపు రాశారు. అడిగినంత మాత్రాన అవకాశం చేజారిపోతుందేమోనన్న నా భయాన్ని పోగొట్టినందుకు న్యాయవాది గారికి ప్రత్యేకంగా కృతజ్ఞురాలిని.

మూడవవారు ఒక డిగ్రీ కళాశాలలో ఇంగ్లీషు బోధించే అక్క. దేశంలో రచయితలకు ఉన్న అవకాశాలను ఆమె ఒక నోటు పుస్తకంలో ఏళ్లుగా రాసి పెట్టుకుంటున్నారు, ఎవరు అడిగినా ఇస్తారు. జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ 2007లో మొదలుపెట్టిన స్క్రీన్‌రైటర్స్ ల్యాబ్ గురించి నేను మొదట విన్నది ఆమె నోటనే. ఎంపికైన కొద్దిమంది తమ స్క్రిప్టును అనుభవజ్ఞుల సలహాలతో తిరగరాసుకునే అవకాశం అక్కడ దొరుకుతుంది. ఇటువంటి ల్యాబ్‌లకు దరఖాస్తు సాధారణంగా ఇంగ్లీషులోనే పంపాలి. తెలుగులో పదును ఉన్న కథ ఇంగ్లీషు సినాప్సిస్‌లో మొద్దుబారిపోవడం మా అందరికీ ఎదురయ్యే ఇబ్బంది. అక్క నా పక్కన కూర్చుని, నా సినాప్సిస్‌ను వాక్యం వెంట వాక్యం సరిచేశారు. ముఖ్యంగా క్లైమాక్స్ దాచిపెట్టవద్దన్నారు. నిర్మాతకు కథ చెప్పేటప్పుడు ఉత్కంఠ కోసం ముగింపును ఆపి ఉంచే అలవాటు మనలో ఉంది కానీ, ఎంపిక చేసేవారికి కథ ఎలా ముగుస్తుందో తెలియాలి. ఆ దరఖాస్తు పంపాను, ఫలితం ఇంకా రాలేదు. ఏది వచ్చినా, ఆ కసరత్తు వల్ల నా కథ నాకే స్పష్టపడింది.

సినిమా వైపు వెళ్లేవారు కథలు రాయడం మానేస్తారని ఆమెకు ఒక బెంగ. ఆదివారం అనుబంధాలకు, ఈమాట, సారంగ, సంచిక వంటి అంతర్జాల పత్రికలకు కథలు పంపమని నన్ను పట్టుబట్టి ఒప్పించారు. కథ సొంతమనీ, అనువాదం గానీ అనుసరణ గానీ కాదనీ, వేరెక్కడా ప్రచురణకు పంపలేదనీ హామీపత్రం జతచేయాలని ఆమె చెబితేనే నాకు తెలిసింది. నవల రాసేవారు ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానా నిర్వహించే నవలల పోటీ ప్రకటనలను గమనిస్తూ ఉండాలన్నారు. 30 ఏళ్ల లోపు వారికి నేషనల్ బుక్ ట్రస్ట్ ద్వారా 2021లో మొదలైన పీఎం యువ పథకం ఉంది. అందులో ఎంపికైనవారికి ఆరు నెలలపాటు నెలకు 50,000 రూపాయల ఉపకారవేతనం ఇచ్చి పుస్తకం రాయించారు, తెలుగులోనూ రాయవచ్చు. వయసు దాటినందువల్ల నాకు అది వర్తించలేదు. మా హాస్టల్‌లోని ఇద్దరు చెల్లెళ్లకు మాత్రం చెప్పాను, తర్వాతి విడత ప్రకటన కోసం చూస్తున్నారు. సాహిత్య అకాడెమీ యువ పురస్కారం 35 ఏళ్ల లోపు వారికి. అయితే అది అచ్చయిన పుస్తకానికి ఇచ్చేది కనుక ముందు పుస్తకం వేయాలి.

ఈ ముగ్గురి తర్వాత, సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం సిబ్బందికి నమస్కారాలు. 1901లో వెలసిన ఆ గ్రంథాలయంలో పాత నాటకాలు అడిగిన నాకు, అడగనివి కూడా తెచ్చి ముందు పెట్టారు. ఒకరి మాటకు ఇంకొకరు అడ్డు తగలడం, మాట మధ్యలో ఆపి మింగేయడం, ఇంట్లో ఒకలా వీధిలో ఒకలా మాట్లాడడం, ఇవన్నీ ఆ నాటకాలను గొంతెత్తి చదువుకుంటేనే నాకు పట్టుబడ్డాయి. బంజారాహిల్స్‌లోని లామకాన్ అనే సాంస్కృతిక వేదికలో కలిసి, ఒకరి స్క్రిప్టును మరొకరం పాత్రలు పంచుకుని చదువుకునే మిత్రబృందానికి కూడా కృతజ్ఞతలు. నా స్క్రిప్టులోని తండ్రి పాత్రకు నల్లగొండ యాస సరిగా పడలేదని మొహమాటం లేకుండా చెప్పినది వారే.

చిక్కడపల్లిలో డీటీపీ చేసే బాబాయి గారిని మరిచిపోలేను. నా పాత స్క్రిప్టంతా యూనికోడ్ కాని అను అనే ఫాంట్లలో ఉండడం వల్ల, మెయిల్‌లో పంపితే అవతలివారికి అక్షరాల బదులు పిచ్చిగీతలు కనిపించేవి. ఆయన మొత్తం ఫైలును యూనికోడ్‌లోకి మార్చి, మార్పిడిలో చెదిరిన వత్తులను ఒక్కొక్కటిగా సరిచేసి, పీడీఎఫ్ తయారుచేసి ఇచ్చారు. ప్రింట్లకు తప్ప డబ్బు తీసుకోలేదు.

అక్క నోటు పుస్తకంలోని వివరాలను ఆమె అనుమతితో శుభ్రంగా టైపు చేస్తున్నాను. ఒప్పందం మీద సంతకం చేసే ముందు అడగవలసిన ప్రశ్నలను న్యాయవాది గారు ఒక పేజీలో రాసి ఇచ్చారు, అది కూడా జతచేస్తాను. వచ్చే నెల మొదటి ఆదివారం లామకాన్‌లో మా బృందం కలిసినప్పుడు ప్రతులు తెస్తాను. కావలసినవారు వచ్చి తీసుకోవచ్చు, మీ స్క్రిప్టులో ఒక సీను తెచ్చుకుంటే కలిసి చదువుదాం.