క్లస్టర్ టెండర్లోనే వెబ్ పోర్టల్‌నూ చేర్చండి

కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక శాఖ మంత్రిగారికి,

నమస్కారం.

4,500 కోట్ల రూపాయల అంచనాతో 2015లో జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్‌కు ఆమోదం లభించింది. హైదరాబాద్ ఐఐటీలోని పరమ్ సేవ, బెంగళూరు ఐఐఎస్సీలోని పరమ్ ప్రవేగ సూపర్‌కంప్యూటర్లు దాని కింద వచ్చినవే. ఇకపై పిలిచే ప్రతి క్లస్టర్ (ఎన్నో కంప్యూటర్లను కలిపి ఒకటిగా నడిపే వ్యవస్థ) టెండర్లో, బ్రౌజర్ నుంచే లెక్కలు నడుపుకునే పోర్టల్‌ను తప్పనిసరి చేయమని కోరుతున్నాం.

క్లస్టర్‌లోకి వెళ్లే మామూలు దారి ఎస్‌ఎస్‌హెచ్, అంటే దూరం నుంచి కమాండ్లతో లాగిన్ అయ్యే పద్ధతి. చాలా కాలేజీల ఫైర్‌వాల్ దానికి కావలసిన 22వ పోర్టును మూసేస్తుంది; వెబ్‌కు వాడే 443 తెరిచే ఉంటుంది. పోర్టు తెరిపించుకున్నా, జన్యుశాస్త్రం చదివిన పరిశోధకురాలు ముందు లినక్స్ కమాండ్లు, ఆపైన క్లస్టర్‌లో పనులను వరుసలో పెట్టి నడిపే స్లర్మ్ అనే సాఫ్ట్‌వేర్‌కు స్క్రిప్టు రాయడం నేర్చుకోవాలి. అసలు లెక్క అప్పటిదాకా ఆగాల్సిందే.

ఇందుకోసం కొత్త సాఫ్ట్‌వేర్ రాయించనక్కర్లేదు. అమెరికాలోని ఒహాయో సూపర్‌కంప్యూటర్ సెంటర్ తయారుచేసిన ఓపెన్ ఆన్‌డిమాండ్ ఉచితం, సోర్సు కూడా అందరికీ అందుబాటులో ఉంది. ఫైళ్లు ఎక్కించడం, జాబ్ (క్లస్టర్‌కు అప్పగించే లెక్క) పంపడం, కోడ్ రాసి నడిపే జూపిటర్, ఆర్‌స్టూడియో, రిమోట్ డెస్క్‌టాప్ అన్నీ బ్రౌజర్లోనే నడుస్తాయి. దీన్నే సూచించడానికి అసలు కారణం వేరే ఉంది. లాగిన్ అయిన ప్రతి మనిషికీ అతని సొంత యూజర్ ఖాతా కింద విడిగా ఒక ఎన్‌జింక్స్ (వెబ్ సర్వరు) ప్రాసెస్ మొదలవుతుంది. అందువల్ల ఫైళ్ల అనుమతులు, కోటాలు, ఎవరు ఎన్ని కోర్-గంటలు (ఒక ప్రాసెసర్ కోర్ గంటసేపు పనిచేస్తే ఒకటి) వాడారన్న లెక్క ఏదీ చెదరదు. హడావుడిగా కట్టించిన పోర్టళ్లు తరచూ అందరి జాబ్‌లనూ ఒకే ఖాతా మీద పంపిస్తాయి. అక్కడ ఒక్క లోపం దొరికితే అందరి డేటా బయటపడ్డట్టే.

పెట్టడం కష్టం కాదు, నిలబెట్టడమే పని. కొన్ని వందల మంది వాడేచోట 16 కోర్లు, 64 జీబీ మెమరీ ఉన్న విడి సర్వరు సరిపోతుందని మా అంచనా. లాగిన్ నోడ్‌లోనే (క్లస్టర్‌లోని ఒక్కో కంప్యూటర్ ఒక నోడ్; అందరూ ముందుగా లాగిన్ అయ్యేది ఇది) దాన్ని ఇరికించొద్దు. ఆ సర్వరులో స్లర్మ్ క్లయింట్ ఉండాలి, హోమ్ డైరెక్టరీలు మౌంట్ కావాలి, యంత్రాల మధ్య వాడుకరి గుర్తింపును సరిచూసే మంజ్ తాళంచెవి క్లస్టర్‌లో ఉన్నదే ఉండాలి. గడియారాలు నిమిషాల తేడాతో నడిచినా మంజ్ ఒప్పుకోదు, జాబ్‌లు వెనక్కి వస్తాయి.

ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం రెండే. మొదటిది, సెషన్ మొదలైన వెంటనే ముగిసిపోవడం. హోమ్ కోటా నిండి జూపిటర్ తన ఫైలు రాసుకోలేకపోవడమే సాధారణంగా దీనికి కారణం, కాని తెర మీద ఆ సంగతి కనిపించదు. కోటా హెచ్చరికను పోర్టల్ మొదటి పేజీలోనే చూపించే ఏర్పాటు ఉంది, దాన్ని అమర్చాలి. రెండోది, రిమోట్ డెస్క్‌టాప్ నల్లగా ఉండిపోవడం. లాగిన్ అయినప్పుడు నడిచే వాడుకరి బాష్‌ఆర్‌సీ ఫైలులో కొండా (సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలను చూసుకునే సాధనం) తనంతట తాను మొదలయ్యే వరుసలు ఉంటే ఇలా అవుతుంది. వాటిని తీసేస్తే చాలు.

భద్రత విషయంలో ఒకటి గట్టిగా చెప్పాలి. పోర్టల్ ఏయే నోడ్‌లకు దారి చూపాలో పేర్ల నమూనాగా (ప్యాటర్న్) రాస్తారు. నోడ్ పేరు ఆ నమూనాకు సరిపోలకపోతే సెషన్ నడుస్తున్నా లింకు తెరుచుకోదు. విసిగిపోయి ఏ పేరైనా సరే అని రాసేస్తే, లోపలి నెట్‌వర్క్‌లోని ప్రతి యంత్రానికీ పోర్టల్ గుండా దారి ఇచ్చినట్టే. లెక్కలు నడిపే కంప్యూట్ నోడ్‌ల పేర్లకే పరిమితం చేయాలి.

ఇక జీపీయూల (ఒకేసారి ఎన్నో లెక్కలు చేసే ప్రాసెసర్ల) సంగతి. బ్రౌజర్ ట్యాబ్ మూసినంత మాత్రాన జాబ్ ఆగదు. 24 గంటలకు జీపీయూ అడిగి, గంట వాడి వెళ్లిపోతే మిగతా 23 గంటలూ అది ఖాళీగా కూర్చుంటుంది, బయట క్యూ పెరుగుతుంది. పోర్టల్ సెషన్లకు వేరే క్యూ పెట్టి, ఒక్కొక్కరికి ఒక జీపీయూ, 4 గంటల గడువు ఇవ్వడం మేలు. పెద్ద లెక్కలు, వంతు వచ్చాక వాటంతటవే నడిచే బ్యాచ్ క్యూలోకే వెళ్లాలి.

టెండర్లో పోర్టల్ అన్న మాట ఒక్కటి రాస్తే పేజీ ఒకటి తెరిచి చూపించి సంతకాలు పెట్టించుకుంటారు. అందుకని అంగీకార పరీక్షను కూడా రాయించండి: టెర్మినల్ ఎన్నడూ తెరవని విద్యార్థి, క్యాంపస్ బయటి నెట్ నుంచి లాగిన్ అయి, 1 జీబీ ఫైలు ఎక్కించి, జూపిటర్ తెరిచి, రెండు నోడ్‌ల జాబ్ పంపి, ఫలితం దించుకోవాలి. ఇది పూర్తయ్యేదాకా చివరి వాయిదా సొమ్ము ఆపండి. అప్‌డేట్లు చూసుకునే ఒక ఉద్యోగి జీతం నిర్వహణ బడ్జెట్‌లో ఉండాలి. పోర్టల్ ఫారంలోని సూచనలు సాదా టెక్స్ట్ ఫైళ్లలోనే ఉంటాయి కాబట్టి హైదరాబాద్‌లో వాటిని తెలుగులోనూ రాయించవచ్చు.

ఇట్లు,
క్లస్టర్లు నడిపే సిబ్బంది, వాడే పరిశోధకులు